డంపింగ్ యార్డుకు చట్టంలో చోటు లేదు: చెత్తను పూడ్చే స్థలం గురించి నియమాలు ఏమంటున్నాయి?

మన ఊరి చెత్త చివరికి ఎక్కడికి పోతుందని అడిగితే ఎవరైనా చెప్పే జవాబు ఒక్కటే, ‘డంపింగ్ యార్డుకు’ అని. మున్సిపల్ టెండర్లలో, పత్రికల జిల్లా పేజీల్లో, చెత్త ఆటో నడిపేవారి నోట అదే పేరు స్థిరపడిపోయింది. చట్టం దృష్టిలో మాత్రం ఆ పేరే ఒక ఉల్లంఘనను చెబుతోంది. కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 8న నోటిఫై చేసిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, శాస్త్రీయంగా పూడ్చే సూత్రాలను పాటించకుండా స్థానిక సంస్థ చెత్తను పారబోసే స్థలమే డంప్‌సైట్. అలాంటి స్థలాన్ని కొత్తగా ఏర్పాటు చేయడానికి ఏ అధికారికీ అధికారం లేదు, ఉన్నవాటిని మూసివేసి బాగుచేయాలన్నదే ఆదేశం. చట్టం అనుమతించేది శానిటరీ ల్యాండ్‌ఫిల్‌ను మాత్రమే. భూగర్భ జలాలు, చెరువులు, గాలి, మంటలు, దుర్వాసన, పక్షులు, ఎలుకలు, గుట్ట జారిపోవడం వంటి ప్రమాదాలన్నింటికీ ముందే రక్షణ కల్పించి, ఇక దేనికీ పనికిరాని మిగులు వ్యర్థాలను భద్రంగా పూడ్చిపెట్టే కట్టడం అది.

ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల వచ్చే నష్టం మాటతో ఆగదు. ఒక ఊరి పక్కన కొత్త స్థలం ప్రతిపాదించగానే అధికారులు శాస్త్రీయ ల్యాండ్‌ఫిల్ అంటారు, ఊరివాళ్లు తాము ఇంతవరకూ కళ్లారా చూసిన చెత్త కొండను తలచుకుని భయపడతారు. అధికారి చేతిలో ఉన్నది కాగితం మీది నమూనా, ఊరివాళ్ల దగ్గర ఉన్నది అనుభవం. ఆ రెండింటి మధ్య దూరం ఎంతో తెలియాలంటే నియమాలు ఏం అడుగుతున్నాయో ఒక్కొక్కటిగా విప్పి చూసుకోవాలి.

ఈ నియమాలు ప్రభుత్వాలు తమంతట తాము తెచ్చినవి కావు. 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం, ఆ కోర్టు నియమించిన అసీం బర్మన్ కమిటీ నివేదిక, వాటి ఫలితంగా పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద వచ్చిన 2000 నాటి మున్సిపల్ ఘన వ్యర్థాల నియమాలు, ఇదీ వరస. చెత్తను శుద్ధి చేసే, పూడ్చే ఏర్పాట్లన్నీ 2003 డిసెంబరు 31 నాటికి పూర్తి కావాలని ఆ నియమాలు గడువు పెట్టాయి. ఆ గడువు దాటి ఇరవై ఏళ్లకు పైగా గడిచింది. 2016 నియమాలు కొత్త గడువులు పెట్టాయి: ల్యాండ్‌ఫిల్ నిర్మాణానికి మూడేళ్లు, పాత డంపులను బాగుచేయడానికి ఐదేళ్లు. అవి కూడా 2021తో ముగిసిపోయాయి. 2026 జనవరిలో కేంద్రం ఇంకో విడత నియమాలను నోటిఫై చేసి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టింది. చెత్తను నాలుగు రకాలుగా వేరుచేయాలని, వేరుచేయని చెత్తను పూడ్చడానికి పంపే స్థానిక సంస్థ ఎక్కువ రుసుం చెల్లించాలని, ల్యాండ్‌ఫిల్‌లను ఏటా తనిఖీ చేయాలని అవి చెబుతున్నాయి. ఇప్పుడు నడుస్తున్న స్థలాలు 2016 నియమాలకు జతచేసిన షెడ్యూల్ కొలతల నీడలోనే అనుమతులు పొందాయి, విచారణలు ఎదుర్కొన్నాయి కనుక ఇక్కడ చెప్పే కొలతలన్నీ ఆ షెడ్యూల్‌లోనివే.

మొదటి ప్రశ్న, లోపలికి ఏది రావచ్చు అన్నది. నా దృష్టిలో మొత్తం చట్టానికి ఇదే ఇరుసు. తిరిగి వాడడానికి, రీసైకిల్ చేయడానికి వీలులేనిదీ, కుళ్లనిదీ, మండనిదీ, రసాయనిక చర్య జరపనిదీ అయిన వ్యర్థం, శుద్ధి కేంద్రాల్లో చివరికి మిగిలిన తుక్కు మాత్రమే ల్యాండ్‌ఫిల్‌కు చేరాలి. కిలోకు 1,500 కిలోకాలరీలు, అంతకు మించి వేడినిచ్చే వ్యర్థాన్ని పూడ్చకూడదు, దాన్ని ఇంధనంగానే వాడాలి. అంటే కూరగాయల తొక్కలకు గానీ, అన్నం మెతుకులకు గానీ, అట్టపెట్టెలకు గానీ అక్కడ ప్రవేశం లేదు. మన ఇళ్లలో పుట్టే చెత్తలో సగానికి అటూఇటూగా ఉండేది తడి చెత్తే. ఈ ఒక్క నిబంధనను నిజంగా పాటిస్తే ల్యాండ్‌ఫిల్ అనేది నగరానికి అవతల పెరిగే కొండలా కాక, ఒక మూలన నెమ్మదిగా నిండే గొయ్యిలా ఉంటుంది.

అయితే అదే షెడ్యూల్‌లో ఒక సడలింపు ఉంది. కంపోస్టు, రీసైక్లింగ్, ఇంధన కేంద్రాలు సిద్ధమయ్యే వరకూ చెత్తను శానిటరీ ల్యాండ్‌ఫిల్‌కు పంపవచ్చని ఒక వాక్యం చెబుతోంది. అది మధ్యంతర ఏర్పాటు కోసం పెట్టినది. శుద్ధి కేంద్రం ఎప్పటికీ పూర్తికాని చోట ఆ మధ్యంతరం శాశ్వతమైపోయింది. కుళ్లే చెత్త వచ్చి పడిన మరుక్షణం నుంచి ఊట, వాసన, గ్యాస్, మంట అన్నీ మొదలవుతాయి. షెడ్యూల్‌లోని మిగతా నిబంధనల్లో చాలా భాగం ఆ తప్పు తెచ్చే పర్యవసానాలను అదుపు చేయడానికి పెట్టినవే.

ఇక స్థలం సంగతి. నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, రహదారులకు, ఇళ్లకు, పార్కులకు, మంచినీటి బావులకు 200 మీటర్ల దూరం ఉండాలి. విమానాశ్రయానికి, వైమానిక స్థావరానికి 20 కిలోమీటర్లు దూరంగా ఉండాలి, తప్పనిసరైతే 10 నుంచి 20 కిలోమీటర్ల మధ్య పౌర విమానయాన అధికారుల లేదా వైమానిక దళం నిరభ్యంతర పత్రంతో అనుమతించవచ్చు. చెత్త మీద వాలే గద్దలు, కొంగలు విమానాలకు తగులుతాయన్నది దీనికి కారణం. సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలం ప్యారానగర్‌లో హైదరాబాద్ చెత్త కోసం స్థలం ప్రతిపాదించినప్పుడు 2025లో చుట్టుపక్కల గ్రామాలు ఆందోళనకు దిగాయి. దుండిగల్ వైమానిక దళ అకాడమీ దగ్గర్లో ఉందన్న అభ్యంతరం ముందుకు వచ్చింది ఈ నిబంధన వల్లనే. గడచిన వందేళ్లలో వరద నీరు చేరిన మైదానాలు, తీర నియంత్రణ మండలం, చిత్తడి నేలలు, సున్నిత పర్యావరణ ప్రాంతాలు పూర్తిగా నిషిద్ధం. కనీసం 20 నుంచి 25 ఏళ్లకు సరిపడే విస్తీర్ణం ఉండాలి. భూగర్భ జలం అత్యధికంగా పైకి వచ్చే కాలంలో కూడా అడుగున వేసే మట్టి పొరకు రెండు మీటర్ల దిగువనే ఉండాలి. వానాకాలం చివర బావుల్లో నీళ్లు చేతికందే డెల్టా పల్లెల్లో ఈ చివరి నిబంధన ఒక్కటే ఎన్నో స్థలాలను పక్కకు తోసేస్తుంది.

ఇళ్లకు 200 మీటర్లంటే చాలా తక్కువ దూరమని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. అందుకే రోజుకు ఐదు టన్నులకు మించిన సామర్థ్యం ఉన్న కేంద్రాల చుట్టూ నిర్మాణాలకు తావులేని బఫర్ జోన్‌ను రాష్ట్ర ప్రభుత్వం కాలుష్య నియంత్రణ మండలిని సంప్రదించి ప్రకటించాలి, దాన్ని పట్టణ ప్రణాళిక పటాల్లో చేర్చాలి. ఈ పని ఎవరికీ పట్టనిది. స్థలం కేటాయించేటప్పుడు ఊరికి దూరంగానే ఉంటుంది, చుట్టూ భూమి చవకగా దొరుకుతుంది కనుక పేదలు అక్కడే గుడిసె వేసుకుంటారు, పదేళ్లకు కాలనీ అవుతుంది. అప్పుడు కొలిస్తే దూరం సరిపోదు. ఆ తప్పు గుడిసె వేసుకున్నవాళ్లది కాదు, పటంలో గీత గీయనివాళ్లది.

స్థలం దొరికినంత మాత్రాన పని మొదలుపెట్టకూడదు. పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ఉమ్మడి మున్సిపల్ ఘన వ్యర్థాల కేంద్రాలకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. నీటి చట్టం, 1974, గాలి చట్టం, 1981 కింద స్థాపనకు ఒకసారి, నడపడానికి ఇంకోసారి కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తీసుకోవాలి. వీటికి తోడు ఘన వ్యర్థాల నియమాల కింద ఆ మండలి ఇచ్చే ప్రత్యేక అధీకృత పత్రం ఉండాలి. దాన్ని ఇచ్చే ముందు పట్టణ ప్రణాళిక, భూగర్భ జలాలు, విమానాశ్రయం, రైల్వే, రహదారులు, విద్యుత్ పంపిణీ విభాగాల అభిప్రాయం అడగాలి. వాటికి ఇచ్చే గడువు నాలుగు వారాలు.

ఇప్పుడు నేల కిందికి వెళ్దాం, అసలు తేడా అక్కడే ఉంది. తొలకరి వానలు పడ్డాక ఏ పాత డంపు అంచున నిలబడి చూసినా, గుట్ట మొదట్లో చిక్కటి కాఫీ డికాక్షన్ రంగులో ఒక పాయ కనిపిస్తుంది. నురగ కడుతూ, ముక్కు పగిలే వాసనతో పల్లానికి సాగిపోతుంది. దాన్నే లీచేట్ అంటారు. చెత్త గుండా దిగిన వాన నీరు, కుళ్లిన పదార్థాల రసం, కరిగిన లవణాలు, బ్యాటరీల నుంచీ రంగుల డబ్బాల నుంచీ వచ్చే లోహాలు కలిసిన ద్రవం అది. దాన్ని నేలలోకి దిగనివ్వకుండా ఆపాలంటే చెత్త వేయకముందే అడుగున, పక్క గోడలకు పొరలు పరవాలి: కింద 90 సెంటీమీటర్ల మందాన దట్టించిన బంకమట్టి, దానిపైన 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు. ఆ మట్టిలో నీరు దిగే వేగం సెకనుకు సెంటీమీటరులో కోటో వంతుకు మించకూడదు. ఏడాదికి దాదాపు 3.15 కోట్ల సెకన్లు ఉంటాయి కనుక, ఆ వేగంతో నీరు ఏడాదికి మూడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ దూరం మాత్రమే దిగుతుంది. పైన షీటు పూర్తిగా చిరిగిపోయినా 90 సెంటీమీటర్ల మట్టిని దాటడానికి సుమారు 28 ఏళ్లు పడుతుంది. ఇది స్థూలమైన లెక్కే, నీటి ఒత్తిడిని బట్టి మారుతుంది. అయినా ఆ 90 సెంటీమీటర్లు ఎందుకో దీంతో అర్థమవుతుంది.

పొరలు వేయడంతో పని సగమే అయినట్టు. వాటిపైన చేరిన లీచేట్‌ను గొట్టాలతో సేకరించి శుద్ధి చేయాలి. శుద్ధి చేసినదాన్ని అనుమతించిన అవసరాలకు తిరిగి వాడాలి, లేదంటే ప్రమాణాలకు లోబడి మురుగు కాలువ వ్యవస్థలోకి వదలాలి. ఏ పరిస్థితిలోనూ బహిరంగ ప్రదేశంలోకి వదలకూడదు. వాన నీరు లీచేట్‌తో కలిస్తే ఆ కలిసిన నీరంతటినీ శుద్ధి చేయాల్సిందే. హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ స్థలం నుంచి దిగిన ఊట మల్కారం చెరువును నల్లగా మార్చింది. ఒక ఊరి చెరువును మళ్లీ నీటిగా చేయడానికి ఎంత యంత్రాంగం, ఎన్నేళ్లు కావాలో ఆ చెరువు చూపించింది.

రోజువారీ నడకకు కూడా నియమాలున్నాయి. చుట్టూ కంచె, గేటు, వచ్చిన బండిలో ఏముందో చూసే తనిఖీ చోటు, వేబ్రిడ్జి, అగ్నిమాపక పరికరాలు, దుమ్ము లేవని లోపలి రోడ్లు, కార్మికులకు తాగునీరు, స్నానాల గది, ఆరోగ్య పరీక్షలు ఉండాలి. చెత్తను పలుచని పొరలుగా పరచి బరువైన యంత్రాలతో అణగదొక్కాలి. రోజు పని ముగిశాక కనీసం 10 సెంటీమీటర్ల మట్టి గానీ, నిర్మాణ శిథిలాలు గానీ కప్పాలి. చదవడానికి చిన్న వాక్యం. ఆ రోజు చెత్త పరిచిన మేర వెయ్యి చదరపు మీటర్లు ఉందనుకుంటే వంద ఘనపు మీటర్ల మట్టి కావాలి. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్‌తో రోజుకు పది ట్రిప్పులు, నెలకు మూడు వందలు. ఆ మట్టి ఎక్కడ తవ్వుతారో, దాని ఖర్చు ఏ పద్దు కింద వస్తుందో ఒప్పందంలో రాసి ఉండకపోతే ఆ పొర పడదు. పొర పడకపోతే ఈగలు, కుక్కలు, కొంగలు అన్నీ వస్తాయి. కూల్చిన ఇళ్ల శిథిలాలను చెరువు గట్ల మీద పారబోసే మన నగరాలు వాటిని పొడిచేసి ఈ పనికి తేగలిగితే రెండు సమస్యలు తగ్గుతాయని నా నమ్మకం. వానాకాలం రాకముందు 40 నుంచి 65 సెంటీమీటర్ల మట్టిని వాలుగా పరచి గట్టిచేయాలి. లీచేట్‌ను శుద్ధి చేయడానికి అయ్యే ఖర్చులో ఎంతో భాగాన్ని మే నెలలో పడే ఈ మట్టే మిగులుస్తుంది.

కుళ్లే చెత్త గాలి అందని లోతులో మీథేన్‌ను పుట్టిస్తుంది. గాలిలో మీథేన్ ఐదు శాతానికి చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. ఆ పరిమితిలో నాలుగో వంతుకు, అంటే 1.25 శాతానికి మించి ఆ స్థలంలో మీథేన్ ఉండకూడదని నియమం. గ్యాస్‌ను గొట్టాలతో పట్టి వాడుకోవాలి, కుదరకపోతే మండించి వేయాలి. కొచ్చిలోని బ్రహ్మపురం డంపు 2023 మార్చి 2న అంటుకుని పన్నెండు రోజుల పాటు పొగ కక్కింది, పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ నగరపాలక సంస్థపై 100 కోట్ల రూపాయల పరిహారం విధించింది. ఢిల్లీలోని ఘాజీపూర్ డంపు 2002కే నిండిపోయింది, అయినా చెత్త వేస్తూ పోయారు, 2017 సెప్టెంబరు 1న ఒక పక్క కూలి ఇద్దరు చనిపోయారు. నిండిన చోట ఇంకా వేయడం అనేది ప్రాణాలకు సంబంధించిన ఉల్లంఘన.

నిండిన తర్వాత ఏమిటన్నది కూడా మొదటి రోజే రాసి ఉండాలి, మూసివేత ప్రణాళిక లేని నిర్మాణ ప్రణాళికను నియమాలు ఒప్పుకోవు. పైన 60 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై నీరు జారిపోవడానికి 15 సెంటీమీటర్ల పొర, ఆపైన మొక్కల కోసం 45 సెంటీమీటర్ల మట్టి వేయాలి. వేర్లు 30 సెంటీమీటర్ల కంటే లోతుకు పోని, తినడానికి పనికిరాని మొక్కలనే పెంచాలి. ఆ తర్వాత కనీసం పదిహేనేళ్లు పైకప్పునూ, లీచేట్‌నూ, బావి నీళ్లనూ, గ్యాస్‌నూ పరీక్షిస్తూనే ఉండాలి. అన్నీ ప్రమాణాల లోపల ఉన్నాయని, నేల కుంగదని తేలిన తర్వాతే ఆ స్థలాన్ని ఇళ్లకు గానీ వేరే అవసరాలకు గానీ ఇవ్వాలి. అమెరికా నిబంధనల్లో ఈ కాలం 30 ఏళ్లు. మట్టి పొరను దాటడానికే ఊటకు పాతికేళ్లకు పైగా పట్టవచ్చని లెక్క తేలినప్పుడు పదిహేనేళ్ల కాపలా సరిపోదు, దాన్ని పెంచాలి.

అడుగున పొరలు లేని పాత డంపుల విషయం వేరు. లక్షల టన్నుల కింద ఇప్పుడు షీటు పరవలేము. అందుకు నియమాలు చూపిన దారులు ప్రధానంగా రెండు. తవ్వి, ఆరబెట్టి, జల్లెడ పట్టి మట్టినీ ప్లాస్టిక్‌నూ రాళ్లనూ విడదీసి, భూమిని ఖాళీ చేయడం బయోమైనింగ్. గుట్టను అలాగే ఉంచి పైన కప్పేయడం క్యాపింగ్. జవహర్‌నగర్‌లో సుమారు 1.2 కోట్ల టన్నుల పాత చెత్తకు క్యాపింగ్ చేశారు. తిరుపతి, విజయవాడ వంటి చోట్ల తవ్వి తీసే దారి పట్టారు. కప్పడం వల్ల కొత్త వాన నీరు లోపలికి దిగదు, వాసన తగ్గుతుంది, పని త్వరగా పూర్తవుతుంది. కానీ లోపల ఇప్పటికే ఉన్న తడి అడుగు లేని కుండలోని నీళ్లలా కిందికి దిగుతూనే ఉంటుంది. కనుక క్యాపింగ్ చేసిన చోట ఊట సేకరణ, బావుల పరీక్ష ఆగిపోతే పైన పచ్చగడ్డి ఎంత అందంగా పెరిగినా చట్టం అడిగిన పని జరగనట్టే.

బాధ్యత ఎవరిదన్న చిక్కు ముడి చాలా పాతది. నిధులు లేవని పురపాలక సంఘం తన విధిని తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 1980లోనే రత్లాం మున్సిపాలిటీ కేసులో తేల్చి చెప్పింది. కాంట్రాక్టరుకు అప్పగించినా స్థానిక సంస్థ బాధ్యత బదిలీ కాదు. ప్రమాదం జరిగితే నిర్వాహకుడు స్థానిక సంస్థకు వెంటనే నివేదించాలి. అధీకృత పత్రం ఇచ్చిన మండలి షరతుల అమలును చూడాలి, స్థలం గుర్తించి ఇచ్చే పని జిల్లా కలెక్టరుది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద మొదట్లో ఐదేళ్ల వరకు జైలు ఉండేది. 2023 జన విశ్వాస్ చట్టం దాన్ని తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు అపరాధ రుసుం పెట్టింది, 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. ట్రిబ్యునల్ విధించే పర్యావరణ పరిహారం దీనికంటే చాలా పెద్దది: ఘన, ద్రవ వ్యర్థాలను శుద్ధి చేయనందుకు 2022 అక్టోబరులో తెలంగాణపై సుమారు 3,800 కోట్ల రూపాయలు విధించింది. అంత మొత్తం చివరికి ప్రజల పన్నుల నుంచే రావాలి కనుక శిక్ష కంటే నివారణకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

నష్టపోయిన ఏ పౌరుడైనా చెన్నైలోని ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనానికి వెళ్లవచ్చు, వివాదం తలెత్తిన ఆరు నెలల్లోగా, పరిహారం కోసమైతే ఐదేళ్లలోగా. అక్కడ నిలిచేది కాగితమే. స్థలం సరిహద్దు నుంచి 50 మీటర్ల లోపు భూగర్భ జలాన్ని వేసవిలో, వానాకాలంలో, వానల తర్వాత పరీక్షించాలని నియమం చెబుతోంది. ఊరు 200 మీటర్ల అవతల ఉంటుంది కనుక కాలుష్యం ఊరి బావిని చేరకముందే 50 మీటర్ల దగ్గర పట్టుబడాలన్నది దాని ఉద్దేశం. ఆ ఫలితాలు, అధీకృత పత్రంలోని షరతులు, వార్షిక నివేదిక, వేబ్రిడ్జి రికార్డు అన్నీ సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకోదగ్గవే. వీటన్నిటికంటే ముందు అడగాల్సిన కాగితం ఒకటుంది. ల్యాండ్‌ఫిల్ ఏర్పాటు కాకముందే ఆ ప్రాంతపు భూగర్భ జలం ఎలా ఉందో పరీక్షించి ఆ వివరాలను భద్రపరచాలని షెడ్యూల్ స్పష్టంగా చెబుతోంది. మొదటి బండి చెత్త దిగిన తర్వాత ఆ పరీక్షను ఎవరూ చేయలేరు. పదేళ్ల తర్వాత బోరు నీళ్లు పసుపు రంగుకు తిరిగినప్పుడు, అవి మొదటి నుంచీ అలాగే ఉన్నాయని ఎవరైనా అంటే ఊరివాళ్ల చేతిలో ఉండే జవాబు ఆ ఒక్క కాగితమే. కనుక కొత్త స్థలం ప్రతిపాదన వినిపించిన ఊరు ముందుగా తన బావుల, బోర్ల నీటిని గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్ష చేయించి, తేదీ వేయించి, పంచాయతీ రికార్డులో చేర్చుకోవాలి.